మ.రా.రా.శ్రీ అగార్ వారి సముఖమునకు ఒక విన్నపం

అయ్యా,

చిన్న మొక్క ముక్కల నుంచి సీసాలలో వేలకొద్దీ మొక్కలు పెంచే టిష్యూ కల్చర్ ల్యాబులో రసాయనాల అలమారా పై అరన, తేమ తగలకుండా మూత బిగించిన డబ్బాలో కొలువుదీరిన, సముద్రపు నాచు నుంచి తీసిన గడ్డకట్టే పొడి అయిన తమకు, కింద నిలబడి యానకం, అంటే మొక్క సీసాలో పెరిగే పోషక మిశ్రమం, కలిపేవాడు చేసుకుంటున్న విన్నపమిది.

తమ ప్రజ్ఞను శంకించే సాహసం నాకు లేదు. లీటరు నీటికి ఏడెనిమిది గ్రాములు పడితే చాలు, ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే ఆటోక్లేవులో 121 డిగ్రీల వేడికి కరిగి, బయటికి వచ్చి 40 డిగ్రీల లోపుకు చల్లారేసరికి సీసా అడుగున తేటగా గడ్డకడతారు. ఆ తరువాత 85 డిగ్రీల వేడి తగిలితే తప్ప కరగరు. అయితే ఆ సీసాలో అరటి పిలక తినేదేమిటని లెక్క చూస్తే, లవణాలు ఒక డబ్బాలోవి, చక్కెర మరో డబ్బాలోది, విటమిన్లు ఇంకొక దానిలోవి, పక్క పిలకలు వేయించే సైటోకైనిన్ అనే హార్మోను ఫ్రిజ్‌లోది. మొక్క ఒరిగిపోకుండా పట్టుకోవడం ఒక్కటే తమ వంతు. ఆ ఒక్క పనికి యానకం ఖర్చులో సింహభాగం తమ పేరనే రాయించుకోవడం చూస్తే, పొలం గట్టు తొక్కకుండానే పంక్తిలో పెద్దపీట వేయించుకునే ఇల్లరికపు అల్లుడు గుర్తుకు వస్తాడు.

పైగా తమ బదులు యానకాన్ని గడ్డకట్టించగల సగ్గుబియ్యం అంటే తమకు చిన్నచూపు. వంటింటి సరుకు ల్యాబులోకి రావడమేమిటని తమ తరఫున వాదించేవారు చాలామందే ఉన్నారు. తమరు మాత్రం ఎక్కడి నుంచి వచ్చారు? 1881లో జర్మనీలో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ వద్ద పనిచేస్తున్న వాల్టర్ హెస్సే, బ్యాక్టీరియాను పెంచే జెలటిన్ గడ్డ వేసవి వేడికి నీరుగారిపోతోందని తల పట్టుకుంటే, ఆయన భార్య ఫానీ హెస్సే తన పండ్ల జెల్లీలలో వేసే తమను చూపించి ఆ గండం గట్టెక్కించారు. ఇప్పటికీ మా కిరాణా కొట్లలో తమరు చైనా గ్రాస్ అనే పేరుతో పొట్లాలలో దొరుకుతూనే ఉన్నారు. శుద్ధిలో తేడా ఉన్న మాట నిజమే; ధరలో ఉన్న తేడా అంతా ఆ శుద్ధిదేనంటే మాత్రం నమ్మడం కష్టం.

తమ పుట్టిల్లు సముద్రం. ఎర్ర నాచు తగ్గినప్పుడల్లా తమకు కోపం వస్తుంది. 2015లో మొరాకో తీరపు నాచు కోతకు, ఎగుమతికి పరిమితులు బిగిసినప్పుడు, డబ్బున్న దేశాల ల్యాబులే తమ కోసం వెతుక్కున్నాయి. ఇక కెన్యాలోనో, బంగ్లాదేశ్‌లోనో, మా కడప జిల్లాలోనో నాలుగు గదుల ల్యాబు నడుపుకునేవారి మాట చెప్పాలా? పులివెందుల వైపు ఆరడుగుల ఎడంతో అరటి నాటే రైతుకు ఎకరానికి 1,200 పైచిలుకు మొక్కలు కావాలి. తమ వైభోగం పైసాపైసాగా వాటి ధరలోనే కలుస్తుంది.

ఢిల్లీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇసబ్‌గోల్ పొట్టుతో యానకాన్ని గడ్డకట్టించి 1998లోనే ప్రకటించారు; చామంతిని సగ్గుబియ్యం మీద పెంచి చూపినవారు అంతకుముందే ఉన్నారు. 2004లో వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పేద దేశాల కోసం వెలువరించిన చవక టిష్యూ కల్చర్ పద్ధతుల సంకలనంలో పంచదార, కుళాయి నీరు, జామ్ సీసాలు, కిటికీ వెలుతురు అన్నీ మర్యాదగానే చోటు సంపాదించుకున్నాయి. ఇరవై ఏళ్లు దాటినా మా కొనుగోలు పట్టికలో మొదటి పేరు మాత్రం తమదే.

సగ్గుబియ్యం గుణదోషాలు నాకు తెలియనివి కావు. తమరు ఎనిమిది గ్రాములు చాలే చోట అది వంద గ్రాములకు పైగా పడుతుంది. ఉడికాక తెల్లగా మబ్బు పట్టినట్టుంటుంది కనుక, అడుగున బ్యాక్టీరియా పొర అల్లుకుంటున్నా ఒక పట్టాన కంటపడదు. ఇసబ్‌గోల్‌కు అంతకంటే తొందర ఎక్కువ: పొడిని చల్లుతూ గబగబా కలపకపోతే ఉండలు కట్టి కూర్చుంటుంది, చిక్కబడ్డాక పీహెచ్‌ను (పులుపు స్థాయిని) 5.8కి సరిచేయబోతే మాట వినదు. అయినా సామర్లకోట, పెద్దాపురం మిల్లులలో కర్రపెండలం నుంచి తయారయ్యే సరుకు కోసం మేము ఏ సముద్రం వైపూ చూడనక్కరలేదు.

తమరిని పూర్తిగా పంపించివేస్తే ఖర్చులన్నీ తీరిపోతాయని నేను అనడం లేదు. శుద్ధి చేసిన గాలి వీచే ల్యామినార్ ఫ్లో బల్ల ముందు రోజంతా కూర్చుని ఫోర్సెప్స్‌తో పిలకలు విడదీసే అమ్మాయిల జీతాలు, ఏసీ కరెంటు బిల్లు తమకంటే పెద్దవి. వాటికి వేరే లేఖలు రాయవలసి ఉంటుంది. తల్లి మొక్కకు చేయించే వైరస్ పరీక్షలో మాత్రం పైసా తగ్గించడానికి నేను ఒప్పుకోను. వెర్రితెగులు ఉన్న పిలకను చవకగా వేలకొద్దీ పెంచి ఇస్తే, రైతు తోటలో తెగులును మన చేతులతో నాటినట్టే.

కనుక విన్నవించుకునేది ఇది. పొలం నుంచి తెచ్చిన పిలకను మొదటిసారి సీసాలో పెట్టే దశను తమరే ఏలుకోండి. బూజును, బ్యాక్టీరియాను పసిగట్టడానికి తమ తేటదనం అక్కడ నిజంగా అవసరం. శుభ్రమని తేలాక నెలల తరబడి సాగే పిలకల పెంపకం, వేళ్లు వేయించే పని సగ్గుబియ్యానికి అప్పగించండి. మొక్కను గ్రీన్‌హౌస్‌కు పంపేముందు వేళ్లకు అంటుకున్న తమరిని ఎలాగూ కడిగి పారబోస్తున్నాం. కాలువలో పోయేదానికి అంత ఖరీదెందుకు?

జవాబు అక్కరలేదు. వచ్చే ఇండెంటులో తమ పేరుకు ఎదురుగా రెండు కిలోలకు బదులు అర కిలో అని కనిపిస్తే, అది గుమాస్తా చేతి పొరపాటు కాదని గ్రహించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
యానకం కలుపువాడు