సాక్ష్యం చెప్పాలంటే కష్టం తీరి ఉండాలా?

చర్చి ప్రార్థన కూటంలో, దేవుడు తమకేం చేశాడో నలుగురికీ చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చిందంటే మైకు ఎవరి చేతికి వెళ్తుందో ముందే చెప్పొచ్చు. రోగం నయమైనవాళ్లు, ఉద్యోగం దొరికినవాళ్లు, ఎన్నాళ్లకో బిడ్డ పుట్టినవాళ్లు. వాళ్ల సంతోషం నిజమైనదే, చెప్పుకోవాల్సిందే. కానీ అదే ప్రార్థన అంతే నమ్మకంతో చేసి కూడా భర్తను పోగొట్టుకున్న ఆవిడ వెనక వరుసలో కూర్చుని ఉంటుంది. ఆవిడను ఎవరూ పిలవరు. తన శరీరంలోని ముల్లులాంటి బాధను తీసెయ్యమని అపొస్తలుడు పౌలు మూడుసార్లు వేడుకుంటే అది పోలేదు, నా కృప నీకు చాలునన్న ప్రభువు మాట మాత్రమే దక్కింది. ఆ సంగతి ఆయన దాచుకోలేదు, కొరింథు సంఘానికే రాశాడు. మనమేమో కష్టం తీరినవాళ్లనే సాక్షులుగా లెక్కపెడతాం.

ఓదార్చడానికి వచ్చేవాళ్లదీ ఇదే వరస. "దేవుడు ప్రేమించినవాళ్లనే పరీక్షిస్తాడమ్మా" అంటారు. లేదా "మేలు కలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అని వాట్సాప్‌లో పెట్టి చేతులు దులుపుకుంటారు. అది రోమా పత్రిక 8వ అధ్యాయంలోని మాటే, కాదనను. అదే పత్రిక 12వ అధ్యాయంలో ఏడ్చేవాళ్లతో ఏడవమని కూడా ఉంది. దానికి తీరిక కావాలి మరి.

బైబిల్లో ఏ తప్పూ చేయకుండానే సర్వం పోగొట్టుకున్న యోబు కథను మనం చెప్పుకునే తీరు చూడండి. మొత్తం 42 అధ్యాయాలుంటే మొదటి రెండూ చివరిదీ చెప్పి ముగిస్తాం. అన్నీ పోయినా దేవుణ్ణి స్తుతించాడు, పోయినదానికి రెండింతలు వచ్చింది, ఆమేన్! మరి మధ్యలో? మూడో అధ్యాయానికే తను పుట్టిన రోజును శపించుకున్నాడు. దేవుడు తనను గురిపెట్టి కొడుతున్నాడన్నాడు, ఆయనతోనే వాదించి తేల్చుకుంటానన్నాడు. అతని స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ మాట్లాడకుండా అతనితోపాటు నేలమీద కూర్చున్నారు. అంతవరకూ వాళ్లకు వంక పెట్టలేం. వివరణ మొదలుపెట్టాకే చెడింది. పిల్లలందరినీ ఒక్కరోజులో పోగొట్టుకున్న తండ్రితో, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్లను దానికి అప్పగించాడనే అర్థం వచ్చేలా మాట్లాడాడు బిల్దదు. దేవుడు యోబునూ గట్టిగానే నిలదీశాడు, నిజమే. కానీ ఆయన కోపం రగిలింది ఈ ముగ్గురి మీద. యోబు నా గురించి సరిగా మాట్లాడాడు, మీరు మాట్లాడలేదని ఎలీఫజుతో తేల్చి చెప్పాడు. ఆయన పక్షాన వకాల్తా పుచ్చుకున్నవాళ్లకు దక్కింది అదీ!

అన్నీ పోతే యోబు దేవుణ్ణి దూషిస్తాడని మొదటి అధ్యాయంలో సాతాను సవాలు విసిరిన సంగతి చదివే మనకు తెలుసు. యోబుకు మాత్రం ఆఖరిదాకా ఎవరూ చెప్పలేదు. సుడిగాలిలోంచి అంతసేపు మాట్లాడిన దేవుడు కూడా ఆ ఊసెత్తలేదు. యోబుకే చెప్పని కారణం పొరుగింటివాళ్ల విషయంలో మనకెలా తెలిసింది?

యేసు కూడా ఇలాంటి లెక్కల్ని ఒప్పుకోలేదు. సిలోయములో గోపురం కూలి చచ్చిన 18 మంది మిగతావాళ్లకంటే పెద్ద పాపులేమీ కాదన్నాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి పాపం వీడిదా, కన్నవాళ్లదా అని శిష్యులు అడిగితే ఇద్దరిదీ కాదన్నాడు. సిలువ మీద ఆయన నోట వచ్చింది 22వ కీర్తన మొదటి మాట, నన్నెందుకు విడిచిపెట్టావన్న మొర. ఆ మొర పెట్టుకుంది "నా దేవా" అని పిలిచే. అందుకే ఏడుపునూ నిలదీతనూ అవిశ్వాసం కింద జమకట్టడం నాకు అసలు మింగుడుపడదు. 88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, కింద ఒక్క ఓదార్పు వచనమైనా ఉండదు. దాన్ని ఆరాధనలో పైకి చదివి ఊరుకుంటే ఏమవుతుంది?

ఇలాంటివి చదివితే, బాధలు బయటికి చెప్పుకోనిస్తే, విశ్వాసంలో బలహీనులు పడిపోరా అని పెద్దలు భయపడతారు. సంఘానికి రావడం మానేసినవాళ్లు కొందరు నాకు తెలుసు. ఎవరో ఏడిస్తే విని మానేసినవాళ్లు కారు. నీకు విశ్వాసం చాలకే బిడ్డ దక్కలేదని మొహం మీదే అనిపించుకుని మానేసినవాళ్లు.