మా గుర్రానికి 412 రోజులు

రాత్రి 11:52. ఇంట్లో అందరూ గురక పెడుతున్నారు. నా ఫోన్‌లో మాత్రం భాషలు నేర్పే యాప్‌లో ఒక బొమ్మ ఏడుస్తోంది: "మీ 412 రోజుల వరుస తెగిపోబోతోంది!" ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందన్నా నేనింత కంగారుగా లేవను. దుప్పటి తన్నేసి, కళ్లద్దాలు తడుముకుని, జర్మన్‌లో ఒక గుర్రం చేత యాపిల్ తినిపించి మళ్లీ పడుకున్నాను. ఒక్కరోజూ పాఠం మానని ఆ వరుస బతికింది. భాష సంగతి అడక్కండి.

సరే, అడిగారు కాబట్టి చెబుతాను. 'దాస్ ప్ఫేర్డ్ ఫ్రిస్ట్ ఐనెన్ ఆప్ఫెల్.' గుర్రం యాపిల్ తింటోంది. నిద్దట్లో లేపి అడిగినా తడుముకోను. మొన్న ఒక జర్మన్ పెద్దావిడ పక్కన భోజనానికి కూర్చునే భాగ్యం కలిగింది. ఇన్నాళ్ల చదువు చూపిద్దామని గొంతు సవరించుకుని "ఇష్ ఫ్రెస్సె" అన్నాను, 'నేను తింటున్నాను' అనే ఉద్దేశంతో. ఆవిడ చెంచా కింద పెట్టేసింది. మనకు తినడం, మేయడం వేరైనట్టే వాళ్లకూ మనుషులకు 'ఎస్సెన్', పశువులకు 'ఫ్రెస్సెన్' అట. మనుషుల తిండి పై లెవెల్లో ఉంది, దానికి డబ్బు కట్టాలి. నేను ఉచిత విద్యార్థిని కాబట్టి మేస్తున్నాను.

ఆవిడ మర్యాదస్తురాలు. నవ్వాపుకుని "ఏం మేస్తున్నారు?" అని అడిగింది. "ఐనెన్ ఆప్ఫెల్" అన్నాను, ద్వితీయా విభక్తితో సహా, ఒక్క తప్పు లేకుండా. నా పళ్లెంలో యాపిల్ లేదు.

యాప్‌లతో భాష రాదు, గురుముఖంగా నేర్చుకోవాలంటారు పెద్దలు. ఆ ముచ్చటా తీరింది. క్లాసు గంట, మేం 24 మందిమి. మాస్టారు నోరే విప్పకపోతే మనిషికి రెండున్నర నిమిషాలు. ఆయన విప్పారు. 'మేట్‌షెన్' అంటే అమ్మాయి, కానీ చివర 'షెన్' ఉంది కాబట్టి నపుంసక లింగం అని 50 నిమిషాలు, అదీ తెలుగులో, వివరించారు. క్లాసంతా ముక్కున వేలేసుకుంది. మన భాషలో అమ్మాయీ 'వచ్చింది', బస్సూ 'వచ్చింది' కదా అని ఒక్కరికీ తట్టలేదు. మిగిలిన పది నిమిషాలు స్వపరిచయాలు. ప్రతి వారం ఎవరో కొత్తగా చేరతారు, మళ్లీ మొదటినుంచి పేర్లు. మూడు నెలల్లో నాకు జర్మన్ రాలేదు గానీ 23 మంది ఇంటిపేర్లు వచ్చాయి.

ఇక ప్రకటనల దగ్గరికి వద్దాం. 'మూడు నెలల్లో అనర్గళంగా!' అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పుతుంది. ఉద్యోగమే అది, పొద్దస్తమానం అదే పని. అయినా జర్మన్‌కు సుమారు 36 వారాలు, జపనీస్‌కు 88 వారాలు, 2,200 క్లాసు గంటలు పడుతుందని వాళ్ల లెక్క. నాలా రోజుకు పావుగంట చొప్పున వేసుకుంటే ఆ జపనీస్ గంటలకు 8,800 రోజులు. ఇరవై నాలుగేళ్లు. మా గుర్రం అన్నాళ్లు బతకాలి కదా.

నేను మేస్తే నలుగురూ నవ్వుకుంటారు, నష్టం లేదు. కానీ జర్మనీలో నర్సుగా చేరాలనుకునే అమ్మాయికి సాధారణంగా బి2 స్థాయి, అంటే ఎవరి సాయం లేకుండా ధారాళంగా మాట్లాడగలిగేంత జర్మన్, కావాలి. అర్ధరాత్రి రోగి ఎక్కడ నొప్పో గొణిగితే ఆ అమ్మాయికి అర్థం కావాలి. అక్కడ గుర్రాలుండవు. అలాంటి పిల్లల దగ్గర '90 రోజుల్లో బి2 గ్యారంటీ' అని అప్పు చేయించి మరీ ఫీజు గుంజి, పరీక్ష పోతే "నీకే డెడికేషన్ లేదమ్మా" అనే వాళ్లున్నారు. సిగ్గు లేదూ? చెప్పింది అబద్ధమని ఆ బోర్డు రాయించిన రోజే వాళ్లకు తెలుసు. తిన్నది అరగకూడదు అలాంటివాళ్లకు.

వాళ్లు మాత్రం ఎస్సెన్ కాదు, ఫ్రెస్సెనే.

ఆ పెద్దావిడ వెళ్తూ వెళ్తూ "వారానికోసారి వచ్చి మాట్లాడండి, తప్పులు నేను దిద్దుతాను" అంది. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు, వరుస తెగే భయం లేదు. ఇప్పటిదాకా వెళ్లలేదు. ఎదురుగా మనిషి కూర్చుని వింటుంటే టెన్షనండీ, ఫోన్ అయితే నవ్వదు.

11:54 అయింది. ఉండండి, గుర్రానికి ఆకలేస్తోంది.