తిరుపతికి తీసుకెళ్లే నొప్పి మాత్రలు

అమెరికా నుంచి సెలవులకు తిరుపతికో చిత్తూరుకో ప్రయాణం కట్టే మన కుటుంబాలలో, పెట్టె సర్దేటప్పుడు చాక్లెట్ల పక్కన తప్పకుండా చేరేది ఐబుప్రోఫెన్ మాత్రల పెద్ద డబ్బా. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నకు నడుము నొప్పి, పైగా అమెరికా మందు గట్టిగా పనిచేస్తుందన్న నమ్మకం. నిజానికి ఇక్కడ షాపులో నేరుగా కొనే అడ్విల్ మాత్రలో ఉండేది 200 మిల్లీగ్రాములు. తిరుపతిలో మెడికల్ షాపువారు ఇచ్చే బ్రూఫెన్ మాత్రలో 400. గట్టిదనం సంగతి అటుంచి, బీపీ, షుగరు ఉన్న పెద్దవారికి ఈ కానుక ఇవ్వడం మానుకోవాలని నా అభిప్రాయం.

ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్ ఒక కుటుంబానికి చెందిన మందులు. నొప్పినీ వాపునూ కలిగించే ప్రోస్టాగ్లాండిన్లు శరీరంలో తయారుకాకుండా ఇవి అడ్డుకుంటాయి. అయితే కడుపు లోపలి పొరను కాపాడేదీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రసరణ నిలబెట్టేదీ ఆ పదార్థాలే. టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రతో పాటు నీరు పోయే మాత్ర కూడా వాడుతున్న అరవై ఐదేళ్ల మనిషి, మే నెల ఎండలో అలిపిరి నుంచి మూడున్నర వేలకు పైగా మెట్లు ఎక్కుతూ, మోకాళ్ల పర్వతం దగ్గర నొప్పి తాళలేక ఐబుప్రోఫెన్ వేసుకున్నారనుకోండి. చెమటకు నీరు తగ్గిన ఒంట్లో ఈ మూడు మందులూ కలిస్తే మూత్రపిండాలు ఒక్కసారిగా దెబ్బతినే ప్రమాదం ఉంది. గుండెపోటు, పక్షవాతం ముప్పు గురించి కూడా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో ఈ మందులపై హెచ్చరికను మరింత గట్టిగా చేసింది. గ్యాస్ మాత్ర కడుపును కొంత కాపాడుతుందేమో గాని మూత్రపిండాలను కాపాడదు.

అలాంటివారికి మొదట వాడదగినది పారాసిటమాల్. అక్కడి డోలో, ఇక్కడి టైలెనాల్ రెండూ అదే మందు. వాపును ఇది అంతగా తగ్గించదు, మోకాలి అరుగుదల నొప్పికి ఉపశమనం కూడా కొద్దిగానే ఉంటుంది. ఆ మాట ముందే చెప్పి ఇవ్వడం మంచిది, లేకుంటే చాలలేదని మరో రెండు వేసుకుంటారు. పెద్దలకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. డోలో 650 మాత్రలు ఆరు వేసుకుంటే 3.9 గ్రాములు అవుతుంది. పైన జలుబు మాత్ర ఒకటి, పారాసిటమాల్ కూడా కలిసి ఉన్న కాంబిఫ్లామ్ ఒకటి వేసుకుంటే గీత దాటినట్టే. మోతాదు మించినా మొదటి రోజు వికారం తప్ప పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు, కాలేయం దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకు గాని బయటపడదు. విరుగుడు మందు ఉంది, కాని అది బాగా పనిచేసేది తొలి ఎనిమిది గంటలలోనే. కాలేయ జబ్బు ఉన్నవారు, మద్యం అలవాటు ఉన్నవారు తమ పరిమితి ఎంతో డాక్టరునే అడగాలి.

మోకాలికే పరిమితమైన నొప్పికి డైక్లోఫెనాక్ జెల్ మంచి మార్గం. పైపూతగా రాసుకుంటే రక్తంలో కలిసేది స్వల్పం. ఇక వానకాలపు జ్వరానికి, డెంగీ కాదని తేలేవరకు ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ముట్టరాదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అయితే గుండె కోసం ఎకోస్ప్రిన్ (ఇదీ ఆస్పిరినే) వాడేవారు దాన్ని తమంతట తాము ఆపకూడదు. ఐబుప్రోఫెన్ ఆ మందు పనికి అడ్డుపడగలదు కనుక రెండూ కలిపే ముందు డాక్టరును అడగాలి.

మనం ఫోనులో "ఏం మాత్ర వేసుకున్నావమ్మా" అని అడిగితే "తెల్లది" అన్న జవాబు వస్తుంది. తప్పు ఆమెది కాదు. నాలుగు మాత్రలు చాలంటే షాపులో అట్టను కత్తెరతో కోసి ఇస్తారు, మందు పేరూ గడువు తేదీ మిగతా ముక్క మీద షాపులోనే ఉండిపోతాయి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు డబ్బాకు బదులు, ఇంట్లో ఉన్న అట్టలన్నీ ముందు వేసుకుని కూర్చుని, ఏ మాత్రలో ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు ఉందో పెద్ద తెలుగు అక్షరాలలో ఒక కాగితం మీద రాసి, బీపీ మాత్రల పెట్టె మూతకు అంటించి రండి. పేరు లేని ముక్కలు కనబడితే అక్కడికక్కడే పారేయండి.