మూడో డోసు గారికి, జగిత్యాల నుంచి

మహారాజశ్రీ హెపటైటిస్ బి టీకా మూడో డోసు గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఏ ఫ్రిజ్‌లో క్షేమంగా ఉన్నారో తెలియక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిన్న మిట్టమధ్యాహ్నం పన్నెండుకు బయల్దేరి నాలుగున్నర దాకా తమరి కోసమే తిరిగాను. నాలుగు మెడికల్ షాపులు, రెండు ఆసుపత్రులు. ఒక షాపాయన కార్డు చూసి, ‘ఏడాది దాటింది, మళ్లీ మొదటి నుంచి వేయించుకోవాలి’ అన్నాడు. డాక్టరేమో నవ్వి, అక్కర్లేదు, ఆగిన చోటి నుంచే అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. నర్సమ్మ ఫ్రిజ్ తెరిచి, చెమ్మ పట్టిన సీసా తీసి లైటుకు అడ్డంగా పెట్టి చూపించింది కూడా. ‘ఇది పది మంది సీసా అన్నా. విప్పితే నాలుగు వారాల్లో అయిపోవాలి, నీ ఒక్కడి కోసం విప్పితే మిగతాది వేయించుకునేవాళ్లు లేక వృథా అయిపోతుంది. ఇంకో తొమ్మిది మందిని పట్టుకురా’ అని మళ్లీ లోపల పెట్టేసింది.

తొమ్మిది మంది! నా పెళ్లిచూపులకే ఐదుగురం వెళ్లామండీ.

తమరి అన్నలిద్దరూ మర్యాదస్తులు. వీసా వచ్చిన వారమే మొదటాయన, సరిగ్గా నెలకు రెండో ఆయన వచ్చి పని చూసుకుని వెళ్లారు. తమరు మాత్రం ఆరో నెలకు ముహూర్తం పెట్టుకున్నారు. ఆరో నెలలో నేనెక్కడున్నాను? మస్కట్‌లో, ఎనిమిది మంది ఉన్న గదిలో, అద్దం కింద ఎవరిదో తెలియని బ్లేడు ముందు. బ్లేడుకంటిన రక్తంతో కూడా అంటుకునే ఆ కాలేయపు జబ్బు వైరస్ ఒంటి బయట కూడా వారం రోజులు బతుకుతుందట. తమరికేమో 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం తగ్గకూడదు, గడ్డ కడితే పనికే రారు. ఎంత సుకుమారం!

పైగా పరాయివాళ్లు కూడా కాదు. ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చే ఈ టీకాను 1997లో శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాద్‌లోనే తయారుచేశాక ధర దిగొచ్చింది. మనవాళ్లే అన్నమాట. అందుకే కాబోలు ముహూర్తానికి రారు.

మా చిన్నదానికి పుట్టిన రోజే వేశారు, తర్వాతివీ పడ్డాయి. దాని కార్డు నిండింది. ‘నాన్నది ఖాళీ’ అని అందరికీ చూపిస్తోంది.

ఒక్క మాట చెప్తా, విను. మా బావమరిదికి కళ్లు పచ్చబడలేదు, ఆకలి తగ్గలేదు. గల్ఫ్ ఉద్యోగానికి చేసే మెడికల్ పరీక్షలో రక్తం తీస్తే హెపటైటిస్ బి పాజిటివ్, కాగితం మీద అన్‌ఫిట్. ఏజెంటు కోసం చేసిన అప్పుకు వడ్డీ నడుస్తూనే ఉంది. ఊళ్లోవాళ్లు పచ్చకామెర్లని పసరు తాగించారు, ఉప్పు మాన్పించారు. వైరస్ ఒంట్లో పాతుకుపోయాక టీకా వేసినా లాభం లేదన్నారు. వాడి ఇరవై ఏళ్లలో నువ్వూ నీ అన్నలూ ఒక్కరోజైనా ఆ గడప తొక్కారా? నేను ఎండలో తిరిగింది ఆ కాగితం చూసే. సీసా చూసి రావడానికి కాదు.

శుక్రవారం రాత్రి ఫ్లైటు. ఇప్పటికి ఏడుగురు దొరికారు. అందులో గీసుకోవడానికి నేను వెళ్లే సెలూన్ అన్న ఒకడు. అందరికీ ఇది మొదటి డోసే. అంటే ఆరు నెలలకు ఏడుగురూ నిన్ను వెతుక్కుంటూ బయల్దేరతారు.

ఇంకా ఇద్దరు తక్కువ.

ఇట్లు,
రెండు డోసుల మనిషి