ముందు అది బెలూన్ కాదని తేల్చుకోండి

ఆకాశంలో కదలకుండా వెలిగిన తెల్లటి వస్తువు గ్రహాంతరవాసులదే కావచ్చని, వాళ్లొస్తే సమాజం ఏమవుతుందో అని ఒక పత్రికా వ్యాసంలో రాశారు. హైదరాబాద్‌లో ఆ మాట అనేముందు టీఐఎఫ్‌ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) వాళ్ల పరిశోధన బెలూన్ల కేంద్రాన్ని గుర్తుచేసుకోవాలి. ఈసీఐఎల్ దగ్గర నుంచి వదిలే పాలిథిన్ బెలూన్లు 50 నుంచి 85 మీటర్ల వ్యాసం వరకు ఉంటాయి, 30 కిలోమీటర్లు దాటి తేలతాయి. కింద చీకటి పడ్డా అంత ఎత్తులో ఎండ ఇంకా ఉంటుంది, అందుకే మెరుస్తాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో జనం చూసి కంగారుపడ్డ పెట్టె కూడా ఇలాంటి బెలూన్‌తో పైకెళ్లి దిగిందే. అలాంటిది పొలంలో కనిపిస్తే ముట్టుకోవద్దు, లోపల హై వోల్టేజి ఉండొచ్చు. పోలీసులకు చెప్పండి.

ఇక ఫోన్ వీడియోలు. చుక్కంత వెలుగు మీద ఆటోఫోకస్ నిలవదు. దాంతో అది ఉబ్బి పళ్లెంలా కనిపిస్తుంది, జూమ్ చేస్తే ఇంకా ఘోరం. ప్రో మోడ్‌లో ఫోకస్ అనంతానికి పెట్టి, ఫోన్‌ను పిట్టగోడకు ఆనించి, ఫ్రేములో పోలికకు ఏ వాటర్ ట్యాంకో ఉండేలా తీయండి. టైమూ దిక్కూ రాసుకోండి. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు, దిగంతం నుంచి ఎంత పైన ఉందో దాంతో కొలవచ్చు. తర్వాత ఆకాశ పటం చూపే స్టెల్లేరియం యాప్‌లో అదే టైము పెట్టి చూస్తే చాలాసార్లు అది శుక్రుడే.

ఆకాశంలో కనిపించే ఇలాంటి అంతుచిక్కని వస్తువుల మీద 2023 సెప్టెంబరులో నివేదిక ఇచ్చిన నాసా నిపుణుల బృందం కూడా అసలు కొరత నాణ్యమైన డేటాదే అంది. చూసింది చెబితే నవ్వుతారని పైలట్లే నోరు మెదపకపోతే ఆ డేటా ఎక్కడి నుంచి వస్తుంది? గ్రహాంతరవాసులొస్తే సమాజం ఏమవుతుందన్న చర్చ కన్నా నాకు ఇదే ముఖ్యం.