తల ఎవరిదన్నదే అసలు ప్రశ్న

2025 జులైలో విడుదలైన యానిమేషన్ చిత్రం 'మహావతార్ నరసింహ' పేరున్న తారలెవరూ లేకుండానే మూడు వందల కోట్ల రూపాయల వసూళ్లు దాటింది. పిల్లల్ని వెంటబెట్టుకుని కుటుంబాలకు కుటుంబాలే థియేటర్లకు కదిలాయి. అదంతా భక్తి మహిమ అనేసి ఊరుకోవచ్చు. భక్తి ఉంది, కాదనను. కానీ నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఇంకొకటి. పతాక సన్నివేశంలో తెర నిండా కనిపించే ఆ ముఖం సింహానిదే. పిల్లలు జడుసుకుంటారేమోనని దాన్ని ముద్దుగా మార్చలేదు, మనిషి పోలికలు అద్దలేదు. జనం ఆ ముఖాన్ని చూడటానికే వెళ్లారు.

పిల్లి జాతి జంతువునూ మనిషినీ ఒకే ఒంట్లో కలిపే ఊహ దాదాపు ప్రపంచమంతటా ఉంది. ఈజిప్టు దేవతలు, మన అవతారాలు, అమెరికా కామిక్స్ నాయికలు, జపాన్ బొమ్మల్లో పిల్లి చెవుల అమ్మాయిలు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. నా దృష్టిలో ఇవి రెండు వేర్వేరు జాతులు. తల జంతువుదా, మనిషిదా అన్నదాన్ని బట్టే ఆ పాత్ర మొత్తం మారిపోతుంది. పాతకాలపు ఊహ ఎక్కువగా తలను మృగానికే ఇచ్చింది. మన కాలం తలను తన దగ్గరే ఉంచుకుని చెవులూ తోకా మాత్రం అరువు తెచ్చుకుంది. అలా పోగొట్టుకున్నది తక్కువేం కాదు.

జర్మనీలోని ఉల్మ్ మ్యూజియంలో మామత్ అనే మంచుయుగపు ఏనుగు దంతంతో చెక్కిన బొమ్మ ఒకటుంది. ఎత్తు 31 సెంటీమీటర్లు. వయసు దాదాపు 40 వేల ఏళ్లు. 1939 ఆగస్టులో హోలెన్‌స్టైన్ కొండలోని ష్టాడెల్ గుహలో అది తునాతునకలుగా దొరికింది. వారం తిరిగేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది, తవ్వకాలు ఆగిపోయాయి. ముప్పై ఏళ్ల పాటు ఆ ముక్కలను పట్టించుకున్నవాళ్లు లేరు. 1969లో యోవాహిమ్ హాన్ అనే పురావస్తు శాస్త్రవేత్త రెండు వందలకు పైగా ముక్కల్ని ఒక్కొక్కటే జతచేస్తూ పోతే, నిటారుగా నిలబడిన మనిషి ఒళ్లు, దాని మీద గుహ సింహం తల బయటపడ్డాయి. ఎడమ చేతి మీద అడ్డంగా ఏడు గాట్లు ఉన్నాయి. రాతి పనిముట్లతో నకలు చెక్కి చూస్తే దాదాపు 400 గంటలు పట్టింది. బొమ్మ ఒంటి మీది అరుగుదలను బట్టి అది చేతులు మారుతూ తిరిగి ఉంటుందని పరిశోధకుల అంచనా. తిండి సంపాదించడమే గగనమైన మంచుయుగంలో ఒక మనిషి అంతకాలం ఈ పని మీద కూర్చోగలిగాడంటే, మిగతావాళ్లు అతనికి తిండి పెట్టి ఉండాలి. సరదా కోసం చేసే ఖర్చు కాదది. తమ చుట్టూ తిరిగే అత్యంత భయంకరమైన జంతువు ముఖం తమ ఒంటి మీద ఉంటే ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసుకోవాలనిపించింది.

ఈజిప్టు దేవత సెఖ్మెత్‌దీ సింహం తలే. మనుషుల్ని శిక్షించమని పంపితే ఆమె ఇక ఆగదు. చివరికి ఎర్రరంగు కలిపిన బీరును నెత్తురనుకుని తాగి మత్తులో పడితే తప్ప జనం బతకలేదు. బాస్తెత్ కూడా మొదట సింహముఖి. తరవాతి శతాబ్దాల్లో శాంతించి ఇంటి పిల్లి తలకు మారింది. అంత శాంతించినా మనిషి ముఖం మాత్రం పెట్టుకోలేదు.

ఇక నరసింహుడు. మనిషి చేతగానీ మృగం చేతగానీ చావు ఉండకూడదన్న వరం కథ మనకు కొత్త కాదు. దాన్ని తెలివైన మెలికగా చెప్పుకుని ఆగిపోతాం. నన్ను పట్టి ఆపేది వధ తరవాతి ఘట్టం. భాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుడు చచ్చాక కూడా స్వామి కోపం చల్లారదు. బ్రహ్మాది దేవతలు దూరం నుంచే స్తోత్రాలు చేస్తారు. లక్ష్మీదేవి సైతం ఆ రూపం చూసి దగ్గరికి వెళ్లలేకపోతుంది. నిత్యం పక్కనుండే మనిషికే గుర్తుపట్టరానంతగా ఆ ముఖం మారిపోయింది. అప్పుడు ప్రహ్లాదుడు నడిచి వెళ్లి కాళ్ల మీద పడతాడు. స్వామి లేవనెత్తి తల మీద చెయ్యి వేస్తాడు. రాక్షసుడి పేగులు పెరికింది ఆ చెయ్యే. పసివాడికి అభయమిచ్చిందీ అదే. ముఖం మెత్తబడి మనిషి ముఖంగా మారి ఉంటే ఈ ఘట్టంలో పిల్లవాడి ధైర్యానికి విలువే ఉండేది కాదు.

తెలుగు క్షేత్రాలు ఈ ముఖంతో ఎన్ని రకాలుగా మెలిగాయో చూడండి. మంగళగిరి కొండ మీద పానకాల స్వామికి కనిపించేది తెరిచిన నోరు ఒక్కటే. శంఖంతో పానకం పోస్తుంటే గుటకల చప్పుడు వినిపిస్తుంది, అది ఆగాక మిగిలింది ప్రసాదం. సింహాచలంలో స్వామిని ఏడాది పొడవునా చందనంతో కప్పి ఉంచుతారు. నిజరూపం చూడాలంటే అక్షయ తృతీయ రావాలి. అహోబిలంలో నల్లమల చెంచులు ఆయన్ను ఏకంగా ఇంటి అల్లుణ్ణి చేసుకున్నారు. చెంచులక్ష్మిని కట్టుకున్నాడు గనక వరసకు బావ. పారువేట ఉత్సవంలో పల్లకీ మీదికి బాణాలు వేసి స్వాగతం చెబుతారు. పులులు తిరిగే అడవిలో బతికేవాళ్లు సింహముఖుణ్ణి చుట్టాన్ని చేసుకోవడం కన్నా గొప్ప ఊహ నాకు మరెక్కడా కనిపించలేదు.

తలకిందుల కలయికా మనకు లేకపోలేదు. చిదంబరం కథల్లో వ్యాఘ్రపాదుడు తుమ్మెదలు ముట్టకముందే పూలు కోయాలని పులి కాళ్లు కోరుకుంటాడు. ఆయన ముఖం రుషి ముఖమే. భీముణ్ణి తరిమిన పురుషామృగానిదీ మృగం ఒంటి మీద మనిషి తలే. హద్దు దాటేలోగా దొరికితే భీముడు దానికి ఆహారమన్నది షరతు. పరుగు హద్దు దాటేలోగా భీముడు ఒక కాలు ఇవతల, ఒక కాలు అవతల ఉండగా దొరికిపోతాడు. తగువు ధర్మరాజు ముందుకు వస్తుంది. తమ్ముడని చూడకుండా సగం ఒళ్లు పురుషామృగానిదేనని ఆయన తీర్పు చెబుతాడు. మనిషి తల ఉన్నది కాబట్టే అది న్యాయం అడిగింది. మన పాతవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు.

ఇప్పటి బొమ్మలకు వస్తే, మనిషి ముఖంతో గొప్ప పాత్రలు పుట్టవని నేను అనడం లేదు. జపాన్ రచయిత్రి ఓషిమా యుమికో 1978లో మొదలుపెట్టిన ఒక మాంగాలో, అంటే బొమ్మల కథలో, చిబినెకో అనే పిల్లికూన పెద్దయితే తానూ మనిషినవుతానని నమ్ముతుంది. కథలో అందరికీ అది పిల్లే. పాఠకులకు మాత్రం చెవులూ తోకా ఉన్న చిన్నపిల్లలా కనిపిస్తుంది, ఎందుకంటే తనను తాను అలా అనుకుంటుంది గనక. ఆ చెవుల వెనక ఒక జంతువు మనసు ఉంది. తరవాత వచ్చిన వేలాది పిల్లి చెవుల అమ్మాయిల్లో ఆ మనసు పోయి చెవులే మిగిలాయి. అమెరికాలో మార్వెల్ కామిక్స్ సంస్థ 1974లో తెచ్చిన టిగ్రా అనే నాయికకు ఒళ్లంతా చారలూ బొచ్చూ ఉన్నాయి, తొడిగింది మాత్రం బికినీ. చూసేవాడి కళ్లకు ఇబ్బంది లేకుండా పులిని కొలతలు వేసి కత్తిరించారు. ఆడ పాత్రల విషయంలో ఈ కత్తిరింపు మరీ ఎక్కువ, నాకు కోపం తెప్పించేది అదే. సెఖ్మెత్‌ను చూసి జనం పారిపోయారు. టిగ్రాను చూసి పారిపోవాల్సిన పని ఎవరికీ లేదు.

2019 నాటి 'క్యాట్స్' సినిమా సంగతి ఇంకా విచిత్రం. అదే నాటకం లండన్ రంగస్థలం మీద 1981 నుంచి 2002 దాకా 21 ఏళ్లు ఆడింది. అక్కడ బిగుతు బట్టలు, రంగులు పూసిన ముఖాలే ఉండేవి, మిగతాది ప్రేక్షకుడు పూరించుకున్నాడు. సినిమాలో నటుల ముఖాల్ని అలాగే ఉంచి చుట్టూ కంప్యూటర్ బొచ్చు అతికించారు. ట్రైలర్ చూసే జనం ఇబ్బందిపడ్డారు. విడుదలయ్యాక సరిదిద్దిన కాపీని థియేటర్లకు మళ్లీ పంపాల్సి వచ్చింది. మొదటి కాపీలో నటి జూడీ డెంచ్ చెయ్యి ఉంగరంతో సహా మనిషి చెయ్యిలాగే కనిపించింది. సాంకేతికత లోపమని చాలామంది రాశారు. ముఖం ఎవరిదో తేల్చుకోకపోవడమే లోపమని నేనంటాను.

తంజావూరు దగ్గర మెలట్టూరులో ఏటా తెలుగులోనే ఆడే ప్రహ్లాద నాటకంలో నరసింహుడి ముసుగు గుడిలో పూజలందుకుంటుంది. అది పెట్టుకునే నటుడు ఉపవాసం ఉంటాడు. ఆవేశం వచ్చి హిరణ్యకశిపుడి మీదికి ఉరుకుతుంటే పక్కనున్నవాళ్లు పట్టుకుని ఆపుతారు. అక్కడ ముసుగు బరువేమిటో అందరికీ తెలుసు.

మహావతార్ విజయం చూసి ఇంకొన్ని పురాణ యానిమేషన్లు వస్తాయి, రావాలి కూడా. పురుషామృగం కథ ఎవరైనా తీస్తే నేను ముందు చూసేది తీర్పు సన్నివేశం. అక్కడ ఆ పాత్రకు మనిషి తలనే ఉంచాలి, అదీ ఆకలిగా ఉన్న ముదిమనిషి తల. కింద పులి ఒళ్లు, గోళ్లు, ధర్మరాజు నోట మాట వచ్చేదాకా నేలను తన్నుతున్న తోక. అందమైన కుర్రవాడి ముఖం పెట్టి చెవులు తగిలిస్తే మాత్రం ధర్మరాజు తీర్పును ఎవరూ నమ్మరు.