ఆవుకున్న తెలివి

ఓరుగల్లు అంటే ఒక్కటే రాయి, అందుకే ఏకశిలానగరం అని గూడ అంటరని చిన్నప్పుడు బడిల సారు చెప్పిండు. అసొంటి ఊర్ల పుట్టినోళ్లు గేటు కాడికెంచి గడప దాక 20 అడుగుల బాటకు ఏ రాయి ఏయాల్నో తెల్వక వాట్సాప్ గ్రూపుల ఓటింగ్ పెడ్తున్నరు. నేను నవ్వుతలేను, మీరు గూడ నవ్వకుండ్రి, ఇది మస్తు సీరియస్ ముచ్చట.

ముచ్చట ఏందంటే మా చిన్నాయిన కొడుకు హన్మకొండల కొత్తిల్లు కట్టిండు. ఇల్లు బాగున్నది, ముంగట చిన్న తోట గూడ ఉన్నది, ఆ తోట నడుమ బాట ఏసిండు, నల్ల గ్రానైటు, ఫుల్ పాలిష్. "అన్నా, వంగి సూడు, మొఖం కనవడ్తది" అన్నడు. వంగి సూసిన. కనవడ్డది, జర భయపడ్డట్టు ఉన్నది. రెండు దిక్కుల ప్లాస్టిక్ గడ్డి పరిపిచ్చిండు, చైనాదట. మన కరీంనగర్ గ్రానైటు గుట్టలు బ్లాకులు బ్లాకులుగ కాకినాడ పోర్టు ఎక్కి చైనాకు పోవుడు, అక్కడికెంచి మనకు ప్లాస్టిక్ గడ్డి వచ్చుడు, మంచి బేరమే.

ఇగ గృహప్రవేశం. మే నెల, ముహూర్తం పొద్దుగాల 11 దాటినంక, ఎండ మన ఓరుగల్లు ఎండ. మొదలు ఆవును దూడను లోపలికి తోలాలె గద. ఆవు గేటు దాటింది, గ్రానైటు మీద ఒక్క గిట్ట పెట్టింది, గిట్ట సర్రున జారింది, ఎనుకకు తీస్కున్నది, అంతే, నిలవడ్డది. ఒకలు ముంగటికెంచి తాడు గుంజవట్టిరి, ఒకలు ఎనుకకెంచి నెట్టవట్టిరి, ఎవలో అరటిపండు సూపెట్టిరి, ఆవు మెడ సాపి పండు తిన్నది గని కాలు మాత్రం ఎయ్యలే. గోనె సంచులు పరిసిండ్రు, పాలిష్ మీద సంచులే జారుతున్నయి. ఇటు చూస్తే పంతులు గారికి చెప్పుల్లేవు, మా తమ్మునికి లేవు, పాలగిన్నె పట్కున్న మరదలికి లేవు, నల్లరాయి పెంకలెక్క కాలుతున్నది, ముగ్గురు ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుకుంట మంత్రాలు సదువుతుంటే దూరంకెంచి చూసినోళ్లు ఇదేదో కొత్త పేరిణి నాట్యం అనుకోవాలె. మా తమ్మునికి ఐడియా వచ్చింది, బకెట్ నీళ్లు తెచ్చి బాట మీద గుమ్మరిచ్చిండు. సల్లగైతదట. ఇంత జారుడు, మీదికెళ్లి నీళ్లు!

ఆకరికి ఆవు తనంతట తానే పక్కకు మల్లి బోరు కాడి మట్టిలకెంచి గోడెంబడి నడుసుకుంట పోయి గడప కాడ నిలవడ్డది. దాని ఎనుక దూడ, దూడ ఎనుక పంతులు గారు, ఆయన ఎనుక సుట్టపోళ్లందరు. బాట మీద ఒక్క వీడియో తీసే డ్రోన్ నీడ తప్ప ఏం నడ్వలే. ఇప్పటికి గూడ ఆ ఇంట్ల అందరు బోరు దిక్కుకెంచే నడుస్తరు, అడుగు వెడల్పు మట్టిబాట పడ్డది. అటు నడ్వకుండ మావోడు పూలకుండీలు అడ్డం పెట్టిండు.

రామప్ప గుడి కట్టింది 1213ల, 2021ల యునెస్కో లిస్టుల ఎక్కింది. ఆ శిల్పులకు నల్లరాయిని అద్దంలెక్క నునుపు చేసుడు రాకనా? వచ్చు. స్తంభాలకు చేసిండ్రు, మదనికల బొమ్మలకు చేసిండ్రు. బయట జనం ప్రదక్షిణ తిరిగే అరుగుకు చెయ్యలే. కాళ్లకింద ఏం ఉండాల్నో, కండ్లముంగట ఏం ఉండాల్నో వాళ్లకు తెలుసు, ఫేస్‌బుక్ లేకుంటనే.

అసలు మనకు ఏం తక్కువున్నది చెప్పుండ్రి. పాలిష్ పట్టని తాండూరు బండ ఉన్నది, షాబాద్ బండ ఉన్నది, గ్రానైటే కావాలంటే మంటతోని కాల్చి గరుకు చేసిన ఫ్లేమ్డ్ ఫినిష్ ఉన్నది. నడిచేటందుకే అయితే 60 ఎంఎం ఇంటర్‌లాక్ టైల్స్ సాలు, కారు ఎక్కేదుంటే 80 ఎంఎం. కింద మొరం గట్టిగ దిమ్మిస కొట్టాలె, మీద క్వారీ డస్ట్ పరవాలె, నీళ్లు గోడ దిక్కు రాకుంట జర వాలు పెట్టాలె, సందులల్ల ఇసుక నింపితే వాన నీళ్లు భూమిలకు ఇంకుతయి. మావోడు బాటకింద, బాటపక్కకు, ఆకరికి ఏపచెట్టు మొదలుకు గూడ సిమెంట్ పోపిచ్చిండు, "ఆకులు ఊడ్వనీకె ఈజీ" అన్నడు. 2023 జూలైల నీళ్లు పోయే జాగ లేక కాలనీలకు కాలనీలే మునిగినంక గూడ గిదే తెలివి.

గిదంత నవ్వుకుంటనే రాద్దామనుకున్న. గని వానలు పడంగనే మా పెద్దమ్మ వచ్చింది, 72 ఏండ్లు, చేతుల మక్కగారెల టిఫిన్ డబ్బ. గుమ్మానికి రెండు అడుగుల దూరంల జారింది. తుంటి ఎముక ఇరిగింది, ఆపరేషన్ చేసి రాడ్ ఏసిండ్రు. గారెలు ఆ అద్దంలాంటి రాయి మీద చెల్లాచెదురుగ పడ్డయి, అన్నిటి నీడలు మంచిగ కనవడ్డయి. మావోడు ఏమన్నడో తెల్సా? "చెప్పుల గ్రిప్ పోయిందన్నా, చూస్కొని నడ్వాలె గద." ఓరి నీ అవ్వ, చూస్కొని నడిచేదైతే ఇంక బాట దేనికిర? ఎవల కోసం ఏసినవ్? తల్లి వయసు మనిషి నీ ఇంటికి గారెలు చేస్కొని వస్తే ఆమె కాళ్లు యాదికి రాలే, ఫోటో యాదికొచ్చింది. అమ్మినోడు చెప్పలే, ఏసినోడు చెప్పలే, వాన పడితే ముసలోళ్లు జారి పడ్తరని చెప్పనీకె ఇంజినీర్ చదువు కావాల్నా? ఆవుకు తెలుసు గదర!

దసరాకు పెద్దమ్మ కర్ర పట్కొని వచ్చింది, జమ్మి పెట్టనీకె. మావోడు బాట మీద ఫంక్షన్ హాల్ల పరిసే ఎర్రమ్యాట్ పరిసి రెండు దిక్కుల ఇటుకలు పెట్టిండు. పెద్దమ్మ గేటు కాడనే ఆగి మ్యాట్ దిక్కు చూసింది, ఇటుకల దిక్కు చూసింది, నా చెయ్యి పట్కున్నది.

"ఆవు ఎటు దిక్కుకెంచి పోయింది కొడుకా?"